లైటు వెలిగితే మిషను బాగున్నట్టు కాదు

మీ ఫోన్లోకి కూడా వచ్చే ఉంటాది ఆ వీడియో. ఒకాయన అద్దాల మిషను పక్కన నిలబడి "మీరు నిద్రపోతా ఉన్నా ఇది మీకోసం సంపాదిస్తా ఉంటాది" అంటాడు. స్ప్రింగు తిరగతాది, చిప్సు పాకెట్టు దబ్బున పడతాది, నోట్లు లెక్కపెట్టే చప్పుడు వస్తాది, అయిపోయె. నిరుడు ఎండాకాలం నేను అట్టాంటివి ఒక యాభై చూసుంటా. యాభై చూసినాక యాభై ఒకటో మనిషి మనమే అనిపిస్తాది గదా.

మాది వెంకటాచలం. ఐటీఐలో ఎలక్ట్రికల్ చేసి, ముత్తుకూరు తట్టు రొయ్యల గుంటల కాడ ఏరియేటర్ మోటార్లు రిపేరీ చేసుకుంటా ఉంటా. మా అమ్మ చీటీ పాడి ఎత్తిన 60 వేలు, నా చేతిలో ఉన్న 20 వేలు, మొత్తం 80 వేలు పెట్టి పాత వెండింగ్ మిషను ఒకటి తెచ్చి, బాగుచేసి, కాకుటూరు తట్టు ఒక ప్రైవేటు హాస్టల్లో పెట్టినా. విక్రమ సింహపురి యూనివర్సిటీ ఉండేది ఆడే కాబట్టి పిలకాయలకు కొదవ లేదు అనుకున్నా. ఏడాది దాటింది. ఇప్పుడు దినం మార్చి దినం ఎవురో ఒకరు "అన్నా, మేం కూడా కొంటాం, ఎట్టా ఉండాది?" అని అడగతా ఉండారు. ఒక్కొక్కరికీ చెప్పలేక ఇది రాస్తా ఉండా.

ముందు అసలు వస్తువు ఏందో చూద్దాం. చిప్సు, బిస్కెట్లు మాత్రమే ఇచ్చేది ఒక రకం. కూల్‌డ్రింకులు మాత్రమే ఇచ్చేది ఇంకో రకం. రెండూ ఒకే డబ్బాలో ఇచ్చేది కాంబో మిషను. చోటు తక్కువున్న కాడ ఇదే మేలు. అయితే దీనికి ఒక చిక్కు ఉండాది: చిప్సుకు చలవ అక్కర్లేదు, బాటిలుకు కావాల. అందుకని చాలా కాంబోల్లో చలవ పుట్టించే భాగం అడుగున పెడతారు. చల్లగాలి బరువు గదా, కిందనే ఉంటాది. కింద అరల్లో బాటిళ్లు 4 డిగ్రీల కాడ ఉంటే, పైకి పోయేకొద్దీ చలవ తగ్గతాది. కాబట్టి బాటిళ్లు కింద, చాక్లెట్లు మధ్యన, చిప్సు పైన. చాక్లెట్లో ఉండే కోకో వెన్న 34 డిగ్రీల కాడ కరిగిపోతాది. మన రోహిణి కార్తెలో నీడలో పెట్టినా అది పాయసమే. ఈ సంగతి తెలవక నేను మొదటి వారం బాటిళ్లు పైన పెట్టినా, కంటికి కనపడతాయని. పిలకాయలు "అన్నా, కాఫీ లాగా ఉండాది కూల్‌డ్రింకు" అన్నారు.

ఇదేదో కొత్త ఇంగ్లీషు మాయ అనుకోబాకండి. సుమారు రెండు వేల ఏళ్ల కింద, ఈజిప్టులో అలెగ్జాండ్రియా అనే ఊళ్లో హీరో అని ఒక ఇంజనీరు ఉండేవాడు (పేరే హీరో, నవ్వబాకండి). గుడి కాడ నాణెం వేస్తే పవిత్ర జలం వచ్చే డబ్బా గురించి ఆయన రాసి పెట్టినాడు. నాణెం ఒక పళ్లెం మీద పడతాది, ఆ బరువుకు తులాదండం వంగి మూత తెరుచుకుంటాది, నాణెం జారిపోగానే మూసుకుంటాది. తీర్థం మిషను అన్నమాట. 1880ల్లో లండన్లో పోస్టుకార్డులమ్మే మిషన్లు వచ్చినాయి. మన పెద్దోళ్లకు రైల్వే ప్లాట్‌ఫారం మీద రంగురంగుల లైట్లతో తిరిగే బరువు మిషను జ్ఞాపకం ఉంటాది. నాణెం వేస్తే అట్ట టికెట్టు వచ్చేది, ఒక పక్క బరువు, ఇంకో పక్క జాతకం. ఇన్నేళ్లయినా పని అదే: డబ్బు వచ్చిందని తెలుసుకోవడం, వస్తువు వదలడం. పాత మిషను కొనేటప్పుడు ఈ రెండూ సరిగ్గా జరగతా ఉండాయా, దాంతో పాటు చలవ నిలబడతా ఉండాదా అనేదే చూసుకోవాల. రంగు, అద్దం, లైటు అన్నీ తరవాత.

నేను చూసింది లైటే. చెన్నై శివార్లలో పాత సామాన్ల వ్యాపారి ఒకాయన కాడ పోయిన ఆఫీసుల సామాను గుట్టలుగా ఉండాది. కుర్చీలు, ఏసీలు, వాటి మధ్యన రెండు కాంబో మిషన్లు. ఆయన ప్లగ్గు పెట్టినాడు, లోపల తెల్లటి లైటు భగ్గుమనింది, డిస్‌ప్లే మీద అంకెలు వచ్చినాయి. "చూసినారా, పక్కా కండిషన్" అన్నాడు. మా మేనమామ నాతోపాటు వచ్చినాడు. ఆయన నెల్లూరులో ముప్పై ఏళ్లుగా ఫ్రిజ్జులు రిపేరీ చేస్తా ఉండాడు. ఆయన లైటు వైపు చూడనే లేదు. మిషను వెనక్కి పోయి, మోకాళ్ల మీద కూర్చోని, సెల్లు లైటేసి నేమ్‌ప్లేటు చదవతా ఉండాడు.

ఆ ప్లేటు చదవడం నేర్చుకోండి. అది మిషను ఆధార్ కార్డు. మొదటి మిషను మీద 115 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉండాది. అంటే అమెరికా కరెంటుకు చేసింది. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. "ట్రాన్స్‌ఫార్మర్ ఇస్తాలే సార్" అన్నాడు వ్యాపారి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని దించతాది గానీ హెర్ట్జ్‌ని మార్చలేదు. 60కి చేసిన కంప్రెషర్ 50 మీద నిదానంగా తిరిగి, వేడెక్కి, ఒక ఎండాకాలం చూడకుండానే పోవచ్చు. దాన్ని వదిలేసినాం. రెండోది 230 వోల్టులు, 50 హెర్ట్జ్, గ్యాసు ఆర్-134ఎ. అది పర్వాలేదు, మన ఫ్రిజ్జు మెకానిక్కులకు తెలిసిన గ్యాసు. ప్లేటు మీద ఆర్-12 అని కనిపిస్తే మాత్రం దండం పెట్టి వచ్చేయండి. అది ఓజోన్ పొరను తినే గ్యాసు. 1987 మాంట్రియల్ ఒప్పందం కింద మన దేశం కూడా 2010 నాటికి దాన్ని ఆపేసింది. కొత్త మిషన్లలో ఆర్-290 ఉంటాది. అది ప్రొపేనే, అంటే దాదాపు వంట గ్యాసు. తెలవని మెకానిక్కు దాని పైపు కాడ మంట పెట్టినాడంటే వాడికీ మనకూ ప్రమాదం.

మామ ఇంకో మాట అన్నాడు: "రేయ్, మూడు గంటలు ఆన్‌లో పెట్టి కూర్చుందాం. లోపల థర్మామీటర్ పెడదాం. చలవ దిగితే తీసుకుందాం." నేను వినలేదు. బయట బండి ఆగి ఉండాది, వెయిటింగ్ చార్జీ ఎక్కతా ఉండాది, పొద్దు కుంకతా ఉండాది. 48 వేలకు బేరం తెగింది. ఆ మూడు గంటలు నేను కూర్చోనుంటే ఈ వ్యాసంలో సగం ఉండేది కాదు.

బండి సంగతి కూడా చెప్తా. ఇట్టాంటి మిషను పావు టన్ను పైనే ఉంటాది. బండాయన కరెంటు తీగలు తగలతాయని పడుకోబెట్టమన్నాడు. మామ ఒప్పుకోలేదు. కంప్రెషర్లో నూనె ఉంటాది. మిషను పడుకుంటే ఆ నూనె పైపుల్లోకి పోతాది, వెంటనే ఆన్ చేస్తే కంప్రెషర్ పట్టేస్తాది. తప్పక పడుకోబెట్టాల్సి వస్తే, దించినాక ఒక దినమంతా నిలబెట్టి ఆ తరవాతే ప్లగ్గు పెట్టాల. మేం నిలబెట్టే తెచ్చినాం, తాళ్లు కట్టి, మీద పట్ట కప్పి, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు మీదుగా నిదానంగా. కిరాయి, ఎత్తి దించిన మనుషులకు కూలి కలిపి 7 వేలు. వీడియోలో ఆయన ఈ 7 వేల సంగతి చెప్పడు.

ఇంటికొచ్చినాక మర్నాడు ఆన్ చేస్తే లైటు బ్రహ్మాండం. చలవ మాత్రం లేదు. కంప్రెషర్ గుయ్యిమంటా తిరగతానే ఉండాది, సాయంత్రానికి లోపల 24 డిగ్రీలు. మామ ఆ రెండు దినాలు ఊళ్లో లేడు. నేను ఆత్రం పట్టలేక వేరే మెకానిక్కును పిలిస్తే, ఆయన తలుపు కూడా తెరవకుండానే "గ్యాసు పోయింది, 6 వేలవతాది" అన్నాడు. మా అమ్మ అరుగు మీద కూర్చోని వింటా ఉండాది. ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే నాకు కష్టంగా ఉండింది.

మామ వచ్చి, అడుగున రేకు విప్పి నవ్వినాడు. లోపల చలవ కాయిలు మొత్తం ఐసు గడ్డ. గ్యాసు పోతే ఐసు అంత మందాన కట్టదు, ఒక మూల సన్నగా కట్టి ఆగిపోతాది. ఇది మొత్తం కట్టిందంటే చలవ పుడతా ఉండాది, ఆ చలవను అరల్లోకి తోసే ఫ్యాను తిరగడం లేదన్నమాట. వేలితో తిప్పితే ఫ్యాను బిర్రుగా ఉండాది. అంతేనా అంటే, అంతే కాదు. తలుపు రబ్బరు కూడా ఒక మూల ఎండిపోయి గాలి లోపలికి పోతా ఉండాది. మన సముద్రం పక్క గాలిలో తేమ జాస్తి. ఆ తేమే లోపలికి పోయి కాయిలు మీద ఐసై కూర్చుంటా ఉండాది. రబ్బరు చూసేదానికి మామ చేసిన పని మీరూ చేయొచ్చు: పది రూపాయల నోటు తలుపు సందున పెట్టి మూసి లాగండి. బిగువుగా వస్తే రబ్బరు బాగుండాది. జారిపోయి వస్తే పోయినట్టే. చుట్టూ పది చోట్ల చూడండి. మిషను ఆపి, తలుపు తెరిచి పెట్టి, ఐసు అంతా దానంతట అది కరిగినాక ఫ్యానూ రబ్బరూ మార్చినాం. 4,500 అయింది. రాత్రికి 5 డిగ్రీలు. ఐసును స్క్రూడ్రైవర్‌తో పొడవబాకండి, కాయిలు పైపుకు బొక్క పడితే అప్పుడు నిజంగానే గ్యాసు పోతాది.

వెనక కండెన్సర్ జాలీ సంగతి కూడా ఇంతే. దాని నిండా బొచ్చూ దుమ్మూ. వేడి బయటికి పోకపోతే చలవ లోపల నిలవదు. నెలకొకసారి బ్రష్షుతో దులపాల, గోడకు జానెడు ఎడం ఉంచాల.

తరవాత స్ప్రింగులు. ఒక్కో స్ప్రింగు వెనక ఒక చిన్న మోటారు ఉంటాది. ఒక చుట్టు తిరిగితే ఒక పాకెట్టు పడాల. ఆ చుట్టు అయిపోయిందని బోర్డుకు చెప్పేది మోటారు లోపలి బుల్లి స్విచ్చి. మాకు నలభై స్ప్రింగుల్లో ఆరు తిరగలేదు. ఈడ నాకు ఏరియేటర్ పని అక్కరకొచ్చింది. పని చేయని మోటారును తీసి, పని చేసే చోట తగిలించినా. జబ్బు మోటారుతో పాటు పోతే మోటారుది తప్పు. జబ్బు పాత చోటే ఉండిపోతే వైరుదో బోర్డుదో తప్పు. ఏ మీటరూ లేకుండా అర గంటలో తేలతాది. ఆరింటిలో రెండే మోటార్లు పోయినాయి. మిగతా నాలుగూ కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము. ఆఫీసులో ఏసీ గదిలో ఉన్నన్నాళ్లు దానికి ఏం కాలేదు, ఆ పాత సామాను గోడౌన్లో వానాకాలం గడిపినాక పట్టింది. పాత టూత్‌బ్రష్షు, కాంటాక్ట్ క్లీనర్ పెట్టి రుద్దితే పోయింది. రొయ్యల గుంట కాడ ప్యానెళ్లకు రోజూ చేసే పనే.

ఇప్పుడు డబ్బుల సంగతి. ఎక్కువ మంది దెబ్బ తినేది ఈడే.

మా మిషనులో నాణేలు తీసుకునే పెట్టె, నోట్లు తీసుకునే పెట్టె రెండూ ఉండాయి. రెండూ పనికిరాలేదు. చెడిపోయి కాదు. నోటు పెట్టెకు నేర్పించిన నోట్లే తెలుసు. అది పాత గాంధీ నోట్ల కాలం నాటిది. 2016 నవంబరు తరవాత మన నోట్లన్నీ మారిపోయినాయి: 2017లో కొత్త యాభై, రెండొందలు, 2018లో కొత్త పది, వంద, 2019లో కొత్త ఇరవై. సైజూ వేరే, రంగూ వేరే. కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తేనే దానికి తెలుస్తాది. పాత మాడలుకు ఎవురూ ఎక్కించరు. మన నాణేలు చూడండి, అయిదు రూపాయల బిళ్లలే ఎన్ని రకాలు! మిషను నాణేన్ని సైజు, మందం, లోహం చూసి గుర్తుపడతాది. మనకే తికమకగా ఉంటే దానికెంత. అమ్మే ఆయన "నోట్ల పెట్టె ఉండాది కాబట్టి ఇంకో 10 వేలు" అంటే, మీ జేబులో నోటు తీసి అందులో పెట్టి చూపించమనండి.

కాబట్టి మిగిలింది యూపీఐ. పాత మిషనుకు క్యూఆర్ బోర్డు తగిలించవచ్చు. కానీ రెండు రకాలుండాయి, తేడా తెలవక నేను ముందు చవకది కొన్నా. చవకది ఏం చేస్తాదంటే, ఫోన్లో డబ్బు పడగానే మిషనుకు "నాణెం పడింది" అని ఒక తట్టు తడతాది. అంతే. ఆ తరవాత పాకెట్టు పడిందా, స్ప్రింగులో ఇరుక్కుందా దానికి తెలవదు. మూడో దినం ఒక పిలగాడికి ఇరవై రూపాయలు పోయినాయి, బాటిలు రాలేదు. వాడు హాస్టల్ గ్రూపులో మిషను ఫోటో పెట్టి "దొంగ మిషను" అని రాసినాడు. నేను పోయి చేతికి డబ్బిచ్చినా గానీ ఆ వారం ఎవురూ మిషను పక్కకు రాలేదు. ఇరవై రూపాయలే గదా అంటారు. మా ఊళ్లో బంకు పెట్టుకున్న అవ్వ అట్టా ఒక్కసారి చేసుంటే మీరు మళ్లీ పోతారా?

రెండో రకం బోర్డు ఎండీబీ అనే భాషలో మాట్లాడతాది. మిషన్లలో మెయిన్ బోర్డు, నాణేల పెట్టె, నోట్ల పెట్టె, కార్డు రీడరు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేదానికి నామా అనే అమెరికా వెండింగ్ సంఘం ప్రచురించే పద్ధతి అది. ఏ కంపెనీ మిషనైనా, ఏ కంపెనీ పెట్టైనా ఆ భాష వస్తే కలిసిపోతాయి. ఆరు పిన్నుల కనెక్టర్ కనిపిస్తాది. ఇందులో మాటలు రెండు వైపులా నడస్తాయి. మిషను "బాటిలు అడిగినారు, ఇరవై" అంటాది. బోర్డు "ఇయ్యి" అంటాది. మిషను "ఇచ్చినా" అనో "ఇయ్యలేకపోయినా" అనో తిరిగి చెప్పాల. ఇయ్యలేదంటే డబ్బు వెనక్కి పోయే ఏర్పాటు చేసుకోవచ్చు. రెండు బోర్డులకూ కలిపి నాకు 12 వేలు అయింది. మొదటే తెలిసుంటే చవకది కొనేవాణ్నే కాదు. పాత మిషను కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఎండీబీ ఉండాదా? లేదంటే ఆ ధరకు దాన్ని బీరువా అనుకోని కొనండి.

ఆ "ఇచ్చినా" అనే మాట మిషనుకు ఎట్టా తెలస్తాదంటే, పాకెట్టు పడే తొట్టి రెండు పక్కలా కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు పోతా ఉంటాది. పాకెట్టు దాన్ని అడ్డుకుంటే పడినట్టు. మాకు సంక్రాంతి ముందు ఆ కంటికి దుమ్ము పట్టింది. పిలగాడు ఇరవై కొడతాడు. బిస్కెట్టు పడతాది. మిషనుకు కనపడదు. పడలేదనుకోని ఇంకోసారి తిప్పతాది. ఇంకో బిస్కెట్టు పడతాది. అదీ కనపడదు. "ఇయ్యలేకపోయినా" అని బోర్డుకు చెప్తాది. ఇరవై తిరిగి ఫోన్లోకి పోతాది! నాలుగు దినాలు హాస్టలు మొత్తం పండగ చేసుకున్నారు, ఒక్కడంటే ఒక్కడు నాకు ఫోన్ చేయలేదు. ఇరవై పోతే గ్రూపులో ఫోటో పెట్టినోళ్లు, రెండు బిస్కెట్లు ఉచితంగా వస్తే నోరు మెదపలా. నాకు కోపం రాలేదు, నేనైనా అంతే చేసుంటా. మెత్తటి గుడ్డ పెట్టి తుడిస్తే బాగైపోయింది. ఇప్పుడు సరుకు నింపినప్పుడల్లా తుడస్తా.

నవ్వుకునే సంగతులు అయిపోయినాయి. ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. పెట్టిన రెండో వారం ఒక పాప "అన్నా, తడి చేత్తో ముట్టుకుంటే జిల్లుమంటా ఉండాది" అనింది. టెస్టర్ పెడితే బాడీ మీద వెలిగింది. మిషను వెనక వైరు లోపలికి పోయే కాడ తోలు చిరిగి రేకుకు తగలతా ఉండాది. మామూలుగా అయితే ఎర్త్ వైరు ఆ కరెంటును భూమిలోకి తీసుకుపోయి ఫ్యూజు కొట్టేయాల. హాస్టల్ సాకెట్టుకు మూడో బొక్క ఉండాది గానీ వెనక వైరే లేదు. మూడు బొక్కలు చూసి నేను నమ్మినా, ఎలక్ట్రికల్ చదివి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే మిషను ఆపి, వైరు మార్చి, గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్త్ పైపు దించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ పెట్టినాం. కరెంటు కొంచెం పక్కదారి పట్టినా అది టక్కున ఆపేస్తాది. సందేళ వోల్టేజీ పడిపోతాది కాబట్టి స్టెబిలైజర్ కూడా, కరెంటు పోయి రాగానే మూడు నిమిషాలు ఆగి ఇచ్చే రకం. అట్టా ఆగకపోతే కంప్రెషర్ ఒత్తిడి మీద లేవలేక వైండింగు కాలతాది. అన్నిటికీ 5,500. మీరు వేరే ఏది మానుకున్నా ఇది మానబాకండి. గోడకు క్లాంపులు కూడా వేయండి. పాకెట్టు ఇరుక్కుంటే పిలకాయలు మిషను ఊపతారు. అమెరికాలో 1978 నుంచి 1995 దాకా ఇట్టా ఊపి, మిషను మీద పడి 37 మంది చచ్చిపోయినారని ఆడి ప్రభుత్వ సంస్థ లెక్క.

గూడూరు తట్టు స్నేహితుడు ఒకడు నాకంటే తెలివిగా చేస్తున్నా అనుకోని టచ్ స్క్రీన్ ఉన్న కొత్త రకం 30 వేలకు కొన్నాడు. చూసేదానికి పెద్ద సెల్‌ఫోన్ లాగా ఉండాది. ప్లగ్గు పెడితే స్క్రీన్ మీద గుండ్రంగా తిరగతానే ఉండాది, ముందుకు పోదు. దాని బుర్ర దాంట్లో లేదు. యాడో కంపెనీ సర్వర్లో ఉండాది. మొదటి యజమాని నెల చందా కట్టడం ఆపినాక ఆ సర్వరు దీన్ని గుర్తుపట్టడం మానేసింది. కంప్రెషర్ బాగుండాది, మోటార్లు బాగుండాయి, తలుపు బాగుండాది. అయినా చచ్చిన మిషనే. నా అభిప్రాయం అడిగితే, మన పల్లెల్లో పని చేసేదానికి తెలివైన మిషను కంటే మొద్దు మిషను మేలు. బోర్డు మీద బటన్లు, లోపల సర్వీసు బటను, ఏ అనుమతీ లేకుండా తెరుచుకునే మెనూ. వాడి తాళం వాడి కాడే ఉంటే మనం కొన్నది మిషను కాదు, రేకు.

ఇది వెండింగ్ మిషను గొడవే కాదు. మీ నాయన ట్రాక్టరుకు, మీ చేతిలో ఫోనుకు కూడా ఇదే తంతు నడస్తా ఉండాది. 2022 డిసెంబరు 24న కేంద్రం రిపేరీ హక్కు పోర్టల్ అని ఒకటి మొదలుపెట్టింది. వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు ఎలక్ట్రానిక్సు, ఇంటి సామాన్లు, బండ్లు అని నాలుగు రకాలు తీసుకుంది. కంపెనీలు మాన్యువల్లు, విడి భాగాల వివరాలు ఆడ పెట్టాలని ఉద్దేశం. మంచిదే. కానీ మాన్యువల్ ఇచ్చి పాస్‌వర్డ్ ఇయ్యకపోతే ఏం లాభం? ఊళ్లో రిపేరీ చేసే మా అట్టాంటోళ్ల పక్కనుంచి ఎవురైనా అడగాల్సింది ఇది.

లెక్క చెప్పకుండా పోతే మీరు ఊరుకోరు. మిషను 48 వేలు, బండి 7 వేలు, ఫ్యాను రబ్బరు 4,500, క్యూఆర్ బోర్డులు 12 వేలు, మోటార్లు తాళం 3 వేలు, ఎర్త్ స్టెబిలైజర్ వగైరా 5,500. మొత్తం 80 వేలు. ఇరవై రూపాయల సరుకు అమ్మితే నాకు సగటున మిగిలేది రెండున్నర. పాకెట్టు మీద ఉన్న ఎంఆర్పీ కంటే పైసా ఎక్కువ తీసుకునేదానికి చట్టం ఒప్పుకోదు, మిషనైనా సరే. కరెంటు నెలకు 150 యూనిట్లు, హాస్టలాయన యూనిట్టుకు పది లెక్కన తీసుకుంటాడు, 1,500. అంటే నెలకు 600 పాకెట్లు, దినానికి ఇరవై, ఒక్క కరెంటుకే అమ్మాల. నాకు దినానికి 45 దాకా పోతాయి, నెలలో 26 దినాలు. చేతికి మిగిలేది 1,400 చిల్లర. ఆ లెక్కన 80 వేలు తిరిగి రావాలంటే నాలుగేళ్ల ఎనిమిది నెలలు. అదీ సెలవలు లెక్కేయకుండా, నా కూలి లెక్కేయకుండా. ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్, పాడైన సరుకు, వారానికి రెండు సార్లు పోయొచ్చే పెట్రోలు ఇందులో లేవు.

నిద్రపోతా ఉంటే సంపాదిస్తాది అన్నాడే, మిషను సంగతేమో గానీ నాకు మాత్రం నిద్ర తగ్గింది. ఒకటి మాత్రం జరిగింది. నేను రిపేరీ చేస్తానని తెలిసి ఈ ఏడాదిలో ముగ్గురు వాళ్ల మిషన్లకు పిలిచినారు. ఆ మూడు పనుల్లో వచ్చిన కూలి, నా మిషను ఏడాదంతా అమ్మి మిగిల్చిన దానికంటే జాస్తి. కాబట్టి కొనబాకండి అని నేను చెప్పడం లేదు. మీ కాడ ఒక ఫ్రిజ్జు మామ ఉంటే, దినానికి వంద పాకెట్లు పోయే చోటుంటే, ఆ డబ్బు పోయినా ఇంట్లో పొయ్యి వెలగతాది అనుకుంటే కొనండి. చీటీ ఎత్తి మాత్రం కొనబాకండి.

మా అమ్మ ఆ చీటీకి ఇంకా తొమ్మిది నెలలు కట్టాల, నెలకు 3 వేలు. మిషను డబ్బులు చాలవు కాబట్టి మిగతాది నా మోటార్ల పనిలో నుంచి ఇస్తా ఉండా. పొద్దన హాస్టల్ నుంచి ఫోన్ వచ్చింది, సి-5 తిరగడం లేదంట. మోటారో, చిలుమో. సందేళ పోయి డి-3లో తగిలించి చూడాల.